హీటర్ దిక్కు పోయిన పిల్ల

మాది కోరుట్ల. ఇరవై ఏండ్ల సంది ఇంట్లనే బీడీలు చేస్తున్న. ఆకు, తంబాకు చాట ఒళ్ల పెట్టుకొని పొద్దున కింద కూసుంటే మళ్ల బువ్వకే లేసుడు.

పోయిన చలికాలం గట్లనే కూసున్న. వాకిట్ల బకెట్ల నీళ్లకు హీటర్ పెట్టి ఉంది. బిడ్డ లోపల బట్టలు మడత పెడుతుంది. పది నెలల మనుమరాలు పాకుకుంట బకెట్ దిక్కు పోయింది. లేద్దామంటే, పొద్దటి సంది కింద కూసోని రెండు కాళ్లు మొద్దుబారినయ్. పిల్ల అంచు మీద చెయ్యి వెయ్యబోయింది. చాట ఇసిరేసి, మోచేతుల మీద ఈడ్చుకుంట పోయి దాని కాలు పట్టి గుంజిన.

సప్పుడు ఇని బిడ్డ ఉరికచ్చి, "లేసి ఎత్తుకోక బోర్ల పడ్డవేందమ్మా?" అన్నది.

తెల్లారి కుర్చీ ఏసుకొని, చాట బల్ల మీద పెట్టిన. గంటకోసారి లేసి నడుస్తున్న.

"ఆఫీసరమ్మ లెక్క కూసున్నవేందక్కా?" అని వాడకట్టోళ్లు నవ్విన్రు.

నవ్వుకోనియ్యి. ఇప్పుడు పిల్ల కదిలితే నేను లేస్తున్న.