దండ వేసిన ఫోటో

నూకరాజు బాబాయి ఫోటోకి మేం దండ వేసిన రోజున, ఆయన దాని ఎదురుగానే కూర్చుని ఉప్మా తింటున్నాడు.

నేను వాళ్ళ పక్కింటి త్రివేణిని. ఆయన కూతురు ఫణిశ్రీ తీసే సీరియల్లో కంటిన్యుటీ చూసేదాన్ని. నిన్నటి సీన్లో కోడలు ఏ చీర కట్టింది, ఎన్ని గాజులు వేసుకుంది, ఫోటో మీది దండ ఎటు ఒరిగింది, ఇవన్నీ రాసిపెట్టుకోవడం నా పని.

బాబాయి బొబ్బిలి నుంచి రాయపూర్ వచ్చి స్థిరపడ్డ రైల్వే గార్డు. ఫణి 2006లో ఇక్కడి లోకల్ ఛానెల్లో ఛత్తీస్‌గఢీ సీరియల్‌కి చిన్నకోడలుగా చేరి పదేళ్ళపాటు ఏడ్చింది. పక్కనున్న ఆరంగ్ ఊరి సంతలో ముసలమ్మలు ఆమె చెయ్యి పట్టుకుని నిజంగానే ఓదార్చేవారు. ముప్పై అయిదు దాటగానే అత్తగారి వేషం వెయ్యమన్నారు. ఒళ్ళు మండి, నేనే తీస్తాను పొమ్మని నిర్మాత అయిపోయింది. పొగరే, కానీ నాకు నచ్చిన పొగరు. రాయపూర్‌లోనే గుఢియారీ పేటలో సొంత ఇల్లే సెట్టు. ముందు గదిలో షూటింగ్, వెనక గదిలో అమ్మా నాన్నా.

కథలో మామగారు పోయాడు, గోడకి ఆయన ఫోటో కావాలి. బతికుండగా దండ వేయించుకోవడానికి ఊళ్ళో ఒక్క నటుడూ ఒప్పుకోలేదు. బాబాయి నవ్వాడు. "నాది పెట్టీ తల్లీ, నాకేటి బయ్యం? ఏదో రోజు నన్ను బతికించాల మరి. ఒక్క సీనైనా సేస్తాను, పక్కా!" ఫణి మాట ఇచ్చింది.

"బతికున్న మనిషికి అదేటి పాడు, తీసీవే!" అని ఫణి వాళ్ళమ్మ, అన్నమ్మ పిన్ని, రోజూ పోరేది. తీస్తే కంటిన్యుటీ పోతుందని అడ్డుపడింది నేనే. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

రెండేళ్ళపాటు బాబాయి అద్దం ముందు ఒకే డైలాగు సాధన చేశాడు. "నేను తిరిగొచ్చాను" అని, ఛత్తీస్‌గఢీలో. వీధిలో పిల్లలకి కూడా అది నోటికొచ్చేసింది.

2019 మార్చిలో పక్షవాతం వచ్చి ఆయనకి కుడిచెయ్యీ మాటా పడిపోయాయి. ఇరవై రోజులు తిరక్కుండా ఛానెల్ నుంచి ఫోన్ వచ్చింది. చూసేవాళ్ళు తగ్గిపోయారట, మామగారిని బతికించమన్నారు, సోమవారం ఎపిసోడ్‌కే.

"ఒక్క నెల ఆగండి సార్. మాటల్లేకుండా కుర్చీలో కూర్చోబెట్టి చూపిస్తాను" అని ఫణి హిందీలో బతిమాలింది. వాళ్ళు వినలేదు. మామగారు గట్టిగా మాట్లాడాలి, చిన్నకొడుకు చెంప పగలగొట్టాలి, కుదరకపోతే ఆ సమయం ఇంకో సీరియల్‌కి ఇచ్చేస్తాం అన్నారు. ముప్పైమంది యూనిట్ ఆమె ముఖంలోకే చూస్తున్నారు. ఏం చేస్తుంది? ఇంకో నటుడిని పిలిపించింది. అతనూ తన ఫోటోకి దండ పడనివ్వలేదు. అందుకని బాబాయి ఫోటోనే ఉంచి, అందులో ముఖం కనబడకుండా కెమెరా పక్కకి పెట్టారు.

అతను లోపలికొచ్చి, దండ తెంపి, డైలాగు చెప్పాలి. పిన్ని రెండేళ్ళుగా మొత్తుకున్న పని ఆ పరాయివాడు ఒక్క లాగుతో చేసేశాడు. డైలాగుకి మాత్రం నోరు తిరగలేదు. తప్పిన ప్రతిసారీ నేను మళ్ళీ కొత్త దండ వేశాను.

నాలుగోసారి అతను తడబడగానే వెనక గదిలోంచి "ఆ... ఆ..." అని వినబడింది. బాబాయి డైలాగు అందిస్తున్నాడు.

సౌండ్ చూసే ఉమేష్ హెడ్‌ఫోన్ తీసి, "అందర్ కౌన్ హై? చుప్ కరావో!" అని, లోపలున్నవాళ్ళ నోరు మూయించమని అరిచాడు. ఆ గదిలో ఎవరున్నారో గుర్తొచ్చి వెంటనే తల దించుకున్నాడు.

ఫణి లేచి ఆ గది గుమ్మం దాకా వెళ్ళింది.

"టేకవుతోంది నాన్నా. ఒక్క అయిదు నిమిషాలు."

తనని పిలవడానికే వచ్చిందనుకున్నాడు కాబోలు, బాబాయి ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని లేవబోయాడు. ఫణి తలుపు దగ్గరకి లాగి, బయట గొళ్ళెం పెట్టింది. దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నేను అయిదో దండ అందుకున్నాను.