చక్రం వెనక రాయి

మా పక్కింటి చాచా పోయాడు. శుక్రవారం, జుమ్మా రోజు పొద్దున, చర్ల నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, దుమ్ముగూడెం ఇంకా రాకముందే, ఆటో వెనక సీట్లో, నా భుజం మీద. మసీదు మైకులో చెప్పాక ఊరికి తెలిసింది. నాకు అంతకుముందే, భుజం మీద బరువు మారినప్పుడు తెలిసింది.

చాచా మెకానిక్. చర్ల రోడ్డు మీద ఆయన షెడ్డు ఉన్నన్నాళ్లూ అడవి వైపు వెళ్లే జీపులన్నీ అక్కడ ఆగి, నాలుగు తిట్లు తిని పోయేవి. మోకాళ్లు అరిగాక షెడ్డు మూసేసి అరుగు మీద కూర్చున్నాడు. మోకాళ్లు అరిగినా చెవులు అరగలేదు. నేను ఖమ్మంలో మెకానికల్ ఇంజినీరింగ్ అనే మహాశాస్త్రాన్ని అభ్యసించి, ఆ శాస్త్రంతో ఎవరికీ అవసరం లేదని తేలాక ఇంటికొచ్చి, నాన్న కొన్న పాత పికప్ తోలడం మొదలుపెట్టాను. చింతపండు బస్తాలు, ఇప్పపువ్వు, అంగడికి పోయే జనం, పెళ్లికి కుర్చీలు, అన్నీ అందులోనే. కాన్పు నొప్పులొచ్చినా అందులోనే. మా ఊళ్లో నాలుగు చక్రాల బండి అదొక్కటే.

ఒకరోజు బండి మొదటి గేరులో కదులుతుంటే కింద టక్కుమంది. అరుగు మీద నుంచి కేక వచ్చింది.

"ఏంరా ఇంజినీర్ సాబ్! బండి పండ్లు కొరుకుతుందేంది?"

"రోడ్డు బాగలేదు చాచా."

"రోడ్డు బాగలేక నలభై ఏండ్లు. టక్కుమనుడు ఇయ్యాల మొదలైంది. షాఫ్ట్ జాయింటు పోయింది, దించు."

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. ఇంజిను తిరుగుడును వెనక చక్రాల దాకా మోసేది బండి కింద ఉండే పొడుగాటి షాఫ్ట్. దాని రెండు చివర్లా కూడిక గుర్తులాంటి ఇనుప ముక్క ఉంటుంది, క్రాస్ అంటారు. దాని నాలుగు కొమ్ములకూ నాలుగు చిన్న గిన్నెలు, ప్రతి గిన్నెలో సూదుల్లాంటి సన్నటి ఇనుప పుల్లలు. మా రోడ్ల మీద అవి ఊరికే అరుగుతాయి. ఇవన్నీ నాకు పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా తెలుసు. బొమ్మ కూడా గీశాను.

ఆ రోజు మా వాకిట్లోనే పని నడిచింది. చాచా పానా ముట్టలేదు. ముందు తన గోడ వారనున్న నల్లరాయిని తెప్పించి, వెనక చక్రం కింద పెట్టించాడు.

"గేర్ల ఉంది కదా చాచా, యాడికి పోతది?"

"షాఫ్ట్ దింపినంక నీ గేరు ఎవన్ని పట్టుకుంటది? ఇంజిను ఇటు, చక్రాలు అటు. ఇద్దరికీ తలాక్ అయినట్టే. రాయి పెట్టు."

పది మార్కుల ప్రశ్నలో ఈ సంగతి లేదు. మా వాకిలి వీధి వైపు వాలుగా ఉంటుంది. ఆ వీధిలో పిల్లలు గోలీలాడతారు.

నేను గోనెసంచి మీద బండి కింద పడుకుంటే ఆయన స్టూలు మీద కూర్చుని చెవులతో పని చూశాడు. కొత్త గిన్నె దిగగొడుతుంటే, "ఆగు" అన్నాడు. "సూది పడ్డది. అడ్డం పడ్డ సూదితోని కొడితే గిన్నె కూసోదు, క్లిప్పు పట్టదు. తియ్యి." తీసి చూస్తే నిజంగానే ఒక సూది గిన్నె అడుగున అడ్డంగా పడుకుని ఉంది, నాలాగే.

ఆయన పెట్టిన షరతులు రెండు. షాఫ్ట్ దింపితే పొద్దుగూకే లోపల ఎక్కించాలి. కొత్త జాయింటు చేతిలోకి వచ్చి, సరిపోయిందని తేలేదాకా పాతది పారెయ్యకూడదు.

"గీ ఊర్ల ఎవరికి ఏ టైంకు ఏమొస్తదో ఎవనికెరుక? నీ బండి పండుకుంటే ఊరంత పండుకున్నట్టే."

ఒకసారి అడవి లోపలి నుంచి కోయవాళ్లు నొప్పులొస్తున్న పిల్లను మంచం మీద మోసుకుని షెడ్డుకు తెచ్చారట. జీపు షాఫ్ట్ కింద పడి ఉంది, కొత్త జాయింటు రాలేదు. అరిగిన పాతదాన్నే మళ్లీ బిగించి, టక్కుటక్కుమంటూ భద్రాచలం తీసుకుపోయాడు.

"పిల్ల బతికిందా చాచా?"

"తల్లీ పిల్లా ఇద్దరు. నా పేరు పెట్టుమన్న. ఆడపిల్లకు నీ పేరేందని నవ్విండ్రు."

అది విని నేనూ నవ్వాను. నవ్వడం బాగా వచ్చు నాకు. వినడమే రాదు.

పోయిన మంగళవారం రెండో చివర జాయింటు టక్కుమంది. ఈసారి చాచాను పిలవలేదు, ఒకసారి చేసిన పనే కదా అనుకున్నాను. షాఫ్ట్ దించాను. పాత క్రాస్ తుప్పుపట్టి రాలేదు. గ్రైండరుతో ముక్కలు చేస్తూ, నిప్పురవ్వలు ఎగురుతుంటే, ఫోను ఇటుకకు ఆనించి రీలు తీశాను. తర్వాత కొత్త జాయింటు కోసం బస్సెక్కి భద్రాచలం వెళ్లాను. దుకాణం ఆయన, "పాతది తెచ్చినవా?" అని అడిగాడు. "ఫోటో ఉందన్నా" అని గర్వంగా ఫోను చూపించాను. ఇంటికొచ్చి చూస్తే కొత్త గిన్నెలు వెంట్రుకవాసి లావు. కొడితే పట్టవు. మళ్లీ బిగిద్దామంటే పాతది ముక్కలైంది.

సాయంత్రం చాచా కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఎక్కించినవా?"

"రేపు చాచా. బండికి కూడా సెలవు కావాలె కదా."

ఆయన నవ్వలేదు. బండి కిందికి వంగి చూశాడు.

"పాతది ఏది?"

నేను రీలు చూపించాను. పూర్తిగా చూసి, ఫోను నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. బుధవారం ఎండ ఎక్కువుందని జాయింటు మార్చుకు రావడానికి పోలేదు. గురువారం దోస్తు పెళ్లి చూపులు. ఇంతకన్నా బలమైన కారణం ఏదైనా ఉంటే రాసేవాణ్ణి. లేదు.

శుక్రవారం పొద్దున చాచీ మా గుమ్మంలో నిలబడి, "బేటా, మీ చాచా ఛాతీ పట్టుకున్నడు. జల్దీ బండి తియ్యి" అంది. నేను కదల్లేదు. ఆమె వెనక్కి తిరిగి వాకిట్లో ఉన్న బండిని చూసింది, కింద పడి ఉన్న షాఫ్ట్‌ను చూసింది. తన ఇంటివైపు పరిగెత్తింది.

ఆటో చర్ల నుంచి రావాలి. వచ్చేదాకా ఆయన అరుగు మీదే చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. నేను విసనకర్రతో విసురుతున్నాను. చర్ల దవాఖానాలో చూసి భద్రాచలం తీసుకెళ్లమన్నారు. దారిలో గుంతలో ఆటో ఎగిరినప్పుడు ఆయన కళ్లు తెరిచి డ్రైవరును చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"రాయి పెట్టినవా?"

పెట్టలేదు. మంగళవారం నుంచి పెట్టలేదు. రాయి సంగతే మర్చిపోయాను.

"అవ్ చాచా, పెట్టిన."

ఆయన నా చేతి మీద రెండుసార్లు తట్టాడు. కాసేపటికి ఆయన తల నా భుజం మీద వాలింది.

భద్రాచలం దవాఖానాలో డాక్టరు, నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగాడు. చెప్పాం. "ఇంకొంచెం ముందు..." అని మొదలుపెట్టి, చాచీ ముఖం చూసి ఆపేశాడు. ఆ వాక్యాన్ని అప్పటి నుంచి నేను రోజుకో రకంగా పూర్తి చేస్తున్నాను.

మట్టిచ్చి ఇంటికొచ్చాక వాకిట్లోకి వెళ్లాను. బండి వెనక చక్రం కింద నల్లరాయి ఉంది. ఆయన గోడ నుంచి మా బండి దాకా మట్టిలో ఒక గీత, రాయిని ఈడ్చిన గీత. మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకున్న చోట గీత వంకర పోయింది. దాని పక్కనే వరసగా కర్ర దిగిన గుంతలు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. మోకాళ్లు వంగని మనిషి, నాతో ఒక్క మాట చెప్పకుండా, నా పని చేసిపోయాడు. ఆటోలో నేను చెప్పింది అబద్ధమని ఆయనకు తెలుసు. తెలిసే తట్టాడు.

మూడోరోజు జియారత్ అయిన మర్నాడు చాచీ తన వాకిట్లోంచి పిలిచింది.

"బండి ఇంక గట్లనే ఉందా?"

"అవ్ చాచీ."

"ఎక్కియ్యి. ఏడుపు తర్వాత ఏడుద్దువు."

నేను కోసి పారేసిన పాత ముక్కల్లోంచి గిన్నె ఒకటి ఏరుకుని, జేబులో వేసుకుని భద్రాచలం పోయి, కొలత చూసి జాయింటు తెచ్చాను. గోనెసంచి మీద పడుకుని మొదలుపెట్టాను. మూడో గిన్నె దిగగొడుతుంటే ఏదో సన్నగా చప్పుడైంది. ఆగాను. స్టూలు వైపు చూశాను. గిన్నె తీసి చూస్తే సూది అడ్డం పడి ఉంది. సరిచేసి, గ్రీజు పెట్టి, మళ్లీ కొట్టాను. క్లిప్పు పట్టింది. పొద్దుగూకక ముందే షాఫ్ట్ ఎక్కింది.

బండి తీసినప్పుడు టక్కుమనలేదు. అరుగు మీద నుంచి కేకా రాలేదు.

రాయిని తీసుకెళ్లి ఆయన గోడ వారన ఎప్పటి చోట పెట్టాను. ఈడ్వలేదు, ఎత్తుకుని మోశాను, గీత చెరగకుండా పక్కనుంచి నడిచి. ఇంకా వానలు పడలేదు. గీత తొక్కకుండా బండి ఇప్పుడు వాకిట్లో ఆ చివరన పెడుతున్నాను. పొద్దున చాచీ ఊడుస్తూ మా వైపు వచ్చి, గీత దగ్గర చీపురు పైకెత్తి, దాటి, మళ్లీ అవతల నుంచి ఊడ్చుకుంటూ పోతుంది.