కాస్టిక్ సోడా ఇంటికి తెచ్చాక

చందాపుర దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో నా భర్త తొట్లు కడిగే పని చేసేవాడు. ఒకరోజు గొట్టం ఊడి, అందులోని కాస్టిక్ నీళ్లు ఆయన ముఖం మీద చిమ్మాయి. కుడికన్ను పోయింది. ఎడమ కంటికి మనుషుల ఆకారాలు మాత్రం ఆనేవి. నేను మారతహళ్ళిలో ఒక పీజీ హాస్టల్లో వంట చేసేదాన్ని. ఆయన్ని ఒంటరిగా వదిలి వెళ్లలేక మానేశాను. ఇంట్లో ఉండి చేసుకునే పని ఏదో ఒకటి కావలసి వచ్చింది.

మా చర్చికి వచ్చే ఒక నర్సక్క ఇంట్లోనే సబ్బులు చేసేది. నేర్పుతాను రమ్మంది. వాళ్ల వంటింట్లో నూనె వెచ్చబెట్టాక, చేతులకు గ్లవుజులు తొడుక్కుని ఒక డబ్బా తీసింది. లోపల తెల్లటి పలుచని రేకులు. ఏమిటని అడిగితే కాస్టిక్ సోడా అంది. అన్నాక నా ముఖం చూసి ఆగిపోయింది. అది లేకుండా సబ్బు కాదని, నూనెలో కలిసి ఆరాక దాని మంట మిగలదని నెమ్మదిగా చెప్పింది. నేను తల ఊపాను కానీ, ఆ తర్వాత ఆమె చెప్పినవి సగమే చెవికెక్కాయి. రెండోసారి వెళ్లి మళ్లీ చెప్పించుకున్నాను.

కాస్టిక్ సోడా పొట్లం ఒకటి హూడిలోని మా అద్దె ఇంటికి తెచ్చి, బియ్యం డబ్బా వెనక దాచాను. ఆయనకు చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతున్నప్పుడు మొదలుపెట్టాను. స్టీలు గిన్నెలో కొలిచి పెట్టిన నీళ్లలో రేకులు కొంచెం కొంచెంగా వేశాను. నీళ్లు వాటంతటవే కాగిపోయాయి. గొంతు పట్టేసే ఆవిరి లేచింది. లోపల గదిలో ఆయన దగ్గాడు. తర్వాత గోడ తడుముకుంటూ వస్తున్న చప్పుడు.

గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ఏం కలుపుతాండావు?"

సబ్బు కోసమని అన్నాను.

"ఆ గాటు నాకు తెలీదా. అది కాస్టిక్ గదా."

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "కొళాయిలో నీళ్లుండాయా?" అన్నాడు.

తిప్పి చూశాను. గాలి బుస్సుమని ఆగిపోయింది. ఆ రోజు నీళ్ల ట్యాంకరు ఇంకా రాలేదు. బిందెలో తాగే నీళ్లు అడుగున కొంచెం ఉన్నాయి.

"అయితే ఇంక ముట్టుకోవద్దు. మూత పెట్టి ఈ పక్కకు రా."

మూత పెట్టి వచ్చాను. ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం. అప్పుడు చెప్పాడు. ఫ్యాక్టరీలో ఆ రోజు కూడా కొళాయిలో నీళ్లు లేవట. తోటివాడు తన సీసాలోని నీళ్లు ముఖం మీద పోశాడట, అవి ఒక్కసారికే అయిపోయాయట. నీళ్ల కోసం పక్క షెడ్డుకు చెయ్యి పట్టుకుని పరిగెత్తించారట. వెంటనే కడిగి ఉంటే కన్ను నిలిచేదేమోనని డాక్టరు అన్నాడట. ఇవేవీ నాకు అంతవరకు తెలియవు. ఆసుపత్రిలో ఆయన పక్కనే పడుకున్నాను, అయినా తెలియదు.

"నీకు చెప్పి ఏం లాభం అనుకున్న్యా," అన్నాడు.

ట్యాంకరు సాయంత్రానికి వచ్చింది. ఉన్న బకెట్లన్నీ నింపమన్నాడు. నిండిందో లేదో ఒక్కోదానిలో చెయ్యి ముంచి చూసుకున్నాడు. తర్వాత మగ్గు పట్టుకుని నా వెనక స్టూలు మీద కూర్చుని, ఇప్పుడు కలుపుకో అన్నాడు. నేను కాస్టిక్ నీళ్లు నూనెలో పోసి, అది చిక్కబడి గరిటె జాడ పైన నిలిచేదాకా తిప్పాను. వెనక మగ్గు బకెట్ అంచుకు టకటకమని తగులుతూనే ఉంది.

సబ్బు అంచుల్లో పొడిపొడిగా వచ్చింది. నెలకు పైగా ఆరబెట్టాక నర్సక్క చూసి, మొదటిసారికి పరవాలేదంది. ఇప్పుడు చుట్టుపక్కల ఇళ్లవాళ్లు అడిగి తీసుకుంటున్నారు. చంటిపిల్లల తల్లులు ఎక్కువగా వస్తారు.

ఆయన ఎడమకన్ను కూడా మసకబారుతోంది. ఇక మందులతో ఆగేది కాదని చెప్పేశారు. సబ్బులు ముక్కలు కోసి పెడితే కాగితాలు చుడతాడు, మడతలు వేలితో నొక్కి సరిచేస్తాడు. స్నానానికి మాత్రం అంగడి సబ్బే తెమ్మంటాడు. తెచ్చిపెడతాను.