వెంట్రుకవాసి మేస్త్రి కుడికన్ను

టైల్స్ పరిచే మేస్త్రులు ఊళ్లో బోలెడుమంది ఉన్నారు గానీ, తాను పరిచిన టైలును తానే పీకే మేస్త్రి ఒక్కడే. వరసలో ఏ టైలైనా వెంట్రుకవాసి తేడాగా కూర్చుంటే, తినే అన్నం వదిలేసి వచ్చి మరీ దాన్ని ఊడదీస్తాడు. అందుకే అందరూ ఆయన్ని వెంట్రుకవాసి అంటారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల మహా ముచ్చట. పైకి మాత్రం చిరాకు పడుతున్నట్టు మొహం పెడతాడు.

భార్య కూడా ఆయనతోపాటే పనికి వెళ్తుంది. టైళ్ల మధ్య సందులు పూడ్చి తుడవడం ఆమె వంతు. పదేళ్ల కిందట ఒక బ్రెడ్డు దుకాణం వరండాలో నేల పరుస్తుంటే, నాలుగో వరస మధ్యలో కుంగినట్టు కనబడింది మేస్త్రికి. పీకి మళ్లీ పరిచాడు. మళ్లీ కుంగింది. మూడోసారి పీకబోతుంటే, వరస సూటిగానే ఉంది కదయ్యా, దారం పట్టి చూసుకో అంది భార్య. దారం బిగించి కట్టి చూశాడు. దారమూ మధ్యలో వంగి ఉంది. అప్పుడైనా అనుమానం రావాలా వద్దా? రాలేదు. నాసిరకం దారం అంటగట్టాడని కొట్టువాణ్ణి నానా మాటలూ అని, కొత్త ఉండ తెప్పించాడు. అదీ వంగింది.

భార్య తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చి, ఆయన కుడికన్ను మూసింది. దారం సూటిగా అయిపోయింది. చెయ్యి తీసి ఎడమకన్ను మూసింది. దారం వంగింది.

"వంకర నేలది కాదు, నీ కంటిది," అంది.

కంటి డాక్టరమ్మ ఫొటోలు తీసి విషయం చెప్పింది. కంటి వెనకపొరలో ఎన్నాళ్లుగానో సన్నటి వాపు ఉందట. ఆ వాపు వల్ల, ఉండకూడని చోట కొత్త రక్తనాళాలు మొలిచాయట. అవి కారడంతో, సరిగ్గా చూపు నిలిచే చోటే పొర ఉబ్బిందట. అంటే నేల కింద చెమ్మ చేరి టైలు లేచినట్టా అని అడిగాడు మేస్త్రి. అచ్చం అంతేనంది ఆవిడ. కారడాన్ని ఆపడానికి కంట్లోకి ఇంజెక్షన్లు, అసలు వాపును అణచడానికి రోజూ మాత్రలు. రెండూ కావాలి, మాత్రలు కొన్నేళ్లు వాడాలి అని నొక్కి చెప్పింది.

మూడో అంతస్తు బయటిగోడకు వేలాడుతూ పనిచేసిన మనిషికి, కంట్లోకి సూది అనేసరికి చెమటలు పట్టాయి. తీరా చూస్తే రెప్పపాటులో అయిపోయింది. నెలకొకటి చొప్పున మూడు పడేసరికి దారం మళ్లీ దారంలా కనబడింది. రోజూ పొద్దున ఒక్కో కన్నూ మూసి చూసుకోమని డాక్టరమ్మ ఒక గళ్ల కాగితం ఇచ్చింది. మన మేస్త్రి ముందుగా స్కేలు పెట్టి ఆ గళ్లు సమంగా ఉన్నాయో లేదో కొలిచి, పర్వాలేదనిపించాకే గోడకు అంటించాడు.

మూడేళ్లు హాయిగా గడిచాయి. హాయి ఎక్కువైతే మనిషికి తెలివితేటలు పుట్టుకొస్తాయి. మాత్రలతో కడుపులో మంట, రెండు నెలలకోసారి రక్తపరీక్ష. చూపు బాగున్నాక ఇదంతా ఎందుకనుకున్నాడు. భార్య రోజూ మాత్ర, నీళ్లు చేతికిస్తే మాత్ర బుగ్గన పెట్టుకుని, బయటికొచ్చి కాలవలో ఉమ్మేసేవాడు. ఇద్దరు పిల్లల తండ్రి చేసే పనేనా ఇది?

అయిదారు నెలలకు కాగితం మీద గళ్లు మధ్యలో నలిగినట్టు కనబడ్డాయి. కాగితం చెమ్మెక్కిందని చెప్పి తీసేశాడు. అసలు మోసం ఇక్కడ జరిగింది. ఆయన వేళ్లకు కూడా కళ్లున్నాయి. రెండు టైళ్ల అంచు మీద వేలు పోనిస్తే చాలు, తేడా చెప్పేస్తాడు. ఎడమకంటితో, వేళ్లతో రెండు నెలలు నేలలు పరిచాడు. ఒక్క టైలూ పక్కకు పోలేదు. పని సూటిగా వస్తోంది కాబట్టి కన్ను బాగానే ఉందని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. మేస్త్రి కాకపోతే మొదటివారమే దొరికిపోయేవాడు.

ఒకరోజు ఆయన కుడికన్ను గట్టిగా మూసి, నేలంతా తడుముకుంటూ పోవడం భార్య చూసింది. అరుస్తుందనుకున్నాడు. ఆమె అరవలేదు. సగం పరిచిన ఆ నేల మీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు చూసి పుట్టినంత భయం ఆయన అంతకుముందెన్నడూ ఎరగడు.

మళ్లీ ఇంజెక్షన్లు, మళ్లీ మాత్రలు. కారడం ఆగింది గానీ, ఆలోపే చూపు మధ్యలో మచ్చ కట్టేసింది. అది పోయేది కాదు.

మొన్న పదో ఏటి పరీక్షకు ఇద్దరూ వెళ్లారు. మచ్చ కట్టాక ఈ ఆరేళ్లలో పడినవి రెండే ఇంజెక్షన్లు, మచ్చ పెరగలేదు, ఎడమకన్ను భేషుగ్గా ఉంది. డాక్టరమ్మ సంతోషించింది. ఆ గదిలోనే ఇదే జబ్బున్న అమ్మాయి ఒకతె కూర్చుని ఉంది. బస్సు నడుపుతుందట. ఏడాదిన్నరగా చూపు బాగుంది కదా, ఇక మాత్రలు మానేస్తానని అప్పటిదాకా వాదిస్తోంది. మీ కంటి ఫొటోలు ఈమెకు చూపించవచ్చా అని డాక్టరమ్మ అడిగింది. మేస్త్రి కుర్చీ లాక్కుని ఆ అమ్మాయి ఎదుట కూర్చున్నాడు.

"ఫొటోల్లో ఏం తెలుస్తుందమ్మా," అంటూ ఎడమకన్ను అరచేత్తో మూసుకున్నాడు. "నీ చెవులు కనబడుతున్నాయి. జుట్టు కనబడుతోంది. మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మరక ఉంది. ఇది జబ్బు చేసింది కాదు. మాత్రలు ఉమ్మేసి, రెండు నెలలు దాచిపెట్టి, నేను చేసుకున్నది."

ఆ మాట ఆయన పైకి అనడం అదే మొదటిసారి. భార్యతో కూడా ఎన్నడూ అనలేదు. ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది.

అమ్మాయి డాక్టరమ్మ వైపు తిరిగింది. పొద్దుటి మాత్ర టిఫిను తిన్నాక వేసుకోవాలా, తినకముందా అని అడిగింది.