విత్తనానికి పెట్టే దవా

మొన్న యాకుత్‌పురాలో కూరగాయలు కొంటుంటే, ఓ కుర్ర ఇల్లాలు బండివాణ్ణి మందు కొట్టినవా, కొట్టనివా అని నిలదీస్తోంది. నవ్వు రావలసింది పోయి నాకు, శాలిబండలో మేం ఖాలా అని పిలిచే మా పక్కింటి పెద్దావిడ గుర్తొచ్చింది.

అప్పట్లో నాకు విత్తన పరిశోధన కేంద్రంలో కొలువు. పెసలను ఓ రసాయనంలో నానబెట్టి, గంటల తరబడి కుళాయి కింద కడిగి మళ్లలో వేసేవాళ్లం. అది గింజ పుట్టుకనే మార్చేస్తుంది, చాలావరకు మొలవనే మొలవవు, మొలిచినవీ పాలిపోయి, మెలితిరిగి చస్తాయి, ఏ ఒక్కటో తెగులును తట్టుకునే కొత్త రకమై నిలుస్తుంది. చేతికి తొడుగు లేనిదే సీసా ముట్టనివ్వని ఆ విషాన్ని అటెండరు మొదలు అధికారి దాకా అందరూ దవా అనే, అంటే మందనే పిలిచేవారు, ఏం పోయేకాలమో!

ఖాలా కోడలికి పెళ్లయి ఏళ్లయినా కడుపు పండలేదు. తిరగని దర్గా లేదు, చూపించని డాక్టరు లేదు. మా దవాతో కొత్త పుట్టుకలొస్తాయని మావారు అరుగు మీద గొప్పలు చెబుతుంటే విన్నదేమో, ఓ రోజు ఖాలా చిన్న సీసా పట్టుకుని వచ్చింది.

"బిడ్డా, గింజలకిచ్చే గా దవా నా కోడలికి గూడ జర ఇయ్యరాదూ."

అది విషమని చేతులు పట్టుకుని చెప్పాను. ఇవ్వడం ఇష్టం లేక అంటున్నాననుకుని మొహం ముడుచుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత గోడ అవతల ఆమె మాట వినిపించకపోతే నాకు ఎందుకో భయమేసేది.

వారం తిరగకుండానే, సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే మా అటెండరు చల్లగా చెప్పాడు, మీ పక్కింటి ఖాలా కొడుకట, వచ్చి పెరట్లో వేసుకుంటామని దవా గింజలు అడిగితే పిడికెడు ఇచ్చానని. ఇచ్చింది ఇంకా కడగని గింజలు! ఆటోలో శాలిబండ చేరేదాకా నా ప్రాణం నాలో లేదు. వెళ్లేసరికి పెసలు నూరి పాలల్లో కలపడం అయిపోయింది, గ్లాసు కోడలి పెదవుల దగ్గరుంది. ఒక్క దెబ్బతో కింద పడేశాను.

"నా మనవణ్ణి నేలపాలు చేస్తివి గదనే!" అని ఖాలా రొమ్ము బాదుకుంది. బతికినన్నాళ్లూ మళ్లీ నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు మందంటే జనం ఆకుకూరను కూడా అనుమానంగా చూస్తున్నారు, మంచిదే. మా రోజుల్లో ఆ మాటకు ఎంత నమ్మకముండేదో! ఖాలా పోయినప్పుడు పలకరించడానికి వెళ్తే, పిల్లలు లేకుండానే తల నెరిసిన ఆ కోడలు నా చెయ్యి వదలకుండా మెల్లగా అడిగింది.

"ఆపా, గది తాగితే నిజంగనే పిల్లలు కాకపోతుండెనా?"

చచ్చిపోయేదానివే తల్లీ అందామనుకున్నాను. ఆమె కళ్లు చూశాక, ఆ చేతిమీద నా రెండో చెయ్యి వేశాను.