మేఘాల ఊరిలో మురికినీళ్లు

ఆమె పదకొండేళ్లు దుకాణాలకి బోర్డులు రాసింది. తర్వాత బొమ్మల కథలు అచ్చువేసే సంస్థలో చేరి, మేఘాల మీద కట్టిన ఊరి కథకి మూడేళ్లు బొమ్మలు వేసింది. రచయిత ఇచ్చింది నాలుగు పేజీలే. ఆ ఊళ్లో మెట్లు ఎటు తిరుగుతాయో, బట్టలు ఎక్కడ ఆరేస్తారో అన్నీ ఆమె బుర్ర బద్దలు కొట్టుకుని ఆలోచించినవే.

పుస్తకం రాకముందే బొమ్మలు చూపించడానికి సభ పెట్టారు. గోడల నిండా ఆమె బొమ్మలే. ప్రతిదాని కిందా రచయిత పేరే. ఆమెకి ఒళ్లు మండిపోయింది. అయినా పళ్లు బిగబట్టి వెనక నిలబడింది.

చూడ్డానికొచ్చిన ప్లంబరు ఒకాయన లేచి, "మేఘాల మీద ఇళ్లు కదా, మురికినీళ్లు ఎటు పోతాయండీ?" అని అడిగాడు.

రచయిత, "అదంతా ఊహ కదండీ" అన్నాడు.

"ఊహ కాదు, మూడో బొమ్మలో ఉంది" అంటూ ఆమె ముందుకొచ్చింది. "తోలు గొట్టాల్లోంచి నల్లమబ్బులోకి పోతాయి. ఆ మబ్బు కురిస్తే కింద ఊళ్లవాళ్లు తలుపులు వేసుకుంటారు. ఇదంతా ఆలోచించి గీసింది నేను. అడగాల్సింది నన్ను."

సభయ్యాక సంస్థ యజమాని, "పదిమందిలో పరువు తీశావమ్మా" అన్నాడు.

"అట్ట మీద నా పేరు వేస్తేనే చివరి ఇరవై పేజీలు ఇస్తాను" అని చెప్పి, బొమ్మల సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

చివరికి వేశారు, చీమ తలకాయంత.

"పడింది కదే, ఇంకా కోపమెందుకు?" అన్నాడు వాళ్ల అన్నయ్య.

"కళ్లద్దాలు లేకుండా చదివి చెప్పు" అంది. రెండో భాగానికి పిలుపొచ్చినా ఆమె ఇంకా ఒప్పుకోలేదు.