గంగుబాయి గోధుమ చేనుకు పట్టిన తుప్పు

1966 వానాకాలం చివర నన్ను కరీంనగర్ జిల్లా నుంచి ఆదిలాబాద్ జిల్లా బోథ్ బ్లాకుకు గ్రామసేవికగా బదిలీ చేశారు. గ్రామసేవిక పని అంటే పొగరాని పొయ్యిలు కట్టించడం, పాలపొడి పంచడం, పెరటి కూరగాయలు వేయించడం. పంటలు చూడవలసింది గ్రామసేవకుడు. ఆ పోస్టు ఖాళీగా ఉండడంతో గోధుమకు వచ్చే పురుగులూ తెగుళ్లూ కూడా నన్నే చూడమన్నారు. నేను బడి మెట్లెక్కిన దాన్ని కాను. మా బాపు రోజూ పూజ అయ్యాక దేవుడి గది గడప దగ్గర కూర్చోబెట్టి నేర్పిన చదువు నాది. దానికి ఒక ఉద్యోగం దొరకడమే భగవంతుడి దయ అనుకునేదాన్ని కనుక ఎదురు చెప్పలేదు.

ఆ యాసంగిలో కొత్తరకం పొట్టి గోధుమ వచ్చింది. బోథ్ అవతలి ఒక ఊళ్లో గంగుబాయి అనే రైతు జొన్న మానేసి, తన నల్లరేగడి అంతా ఆ గోధుమే వేసింది. పంట శుభ్రంగా ఉంటే విత్తనం కోసం వ్యవసాయ శాఖ కొంటుంది. తెగులు తగిలిందంటే పక్క చేలకు పాకకుండా పీకి కాల్చాలి. అప్పుడా ఇంట్లో ఏడాది పొడుగునా తినడానికి జొన్నా ఉండదు, గోధుమా ఉండదు.

పరిశీలన పద్ధతి తేలికైనదే. చేను నాలుగు మూలలా, నడుమా ఒక్కో మొక్కను గుర్తుపెట్టుకుని వారం వారం వాటినే చూడాలి. ఆకు అడుగున పేనుబంక ఉందా, మొవ్వు ఎండిందా, ఆకు మీద ఇటుక రంగు పొక్కులున్నాయా. పొక్కులుంటే తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డకు పొడి అంటితే అది తుప్పు తెగులు. పచ్చటి చేలో దూరానికి కనబడుతుందని, గుర్తు మొక్కలకు ఎర్రగుడ్డ పేలికలు కట్టమని ఉత్తర్వు. కట్టాను.

పైరు పొట్ట మీద ఉండగా నన్ను శిక్షణకని ఆదిలాబాద్ పిలిచారు. ఆ వారం నా బదులు వ్యవసాయ విస్తరణాధికారి శేషగిరిరావు గారు చేను చూశారు. బ్లాకులో పంటల విషయానికి నా పై అధికారి ఆయనే. కోస్తా మనిషి, పనిలో నిష్ఠ గలవారు. నేను తిరిగి వచ్చేసరికి ఆయన జిల్లాకు తంతి కొట్టేశారు, గుర్తు మొక్కలన్నింటికీ తుప్పు తెగులు పట్టిందని. చేను పీకించే పనిలో కూడా పడ్డారు.

నేను పరుగున వెళ్లాను. ఆయన చెప్పులు చేతబట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నారు. కూలికి పిలిచిన ఆడవాళ్లు చేతులు జోడించి కూర్చున్నారు.

"చేలోకి దిగాలంటే చెప్పులు విడవమన్నారమ్మా, విడిచాను. పీకండర్రా అంటే మొక్కకు దండం పెడుతున్నారు," అన్నారాయన.

గంగుబాయి నన్ను చూసి లేచింది. "జర నువ్వన్న చెప్పు బాయీ. ఎర్రగుడ్డ గట్టి తల్లిని నిలవెట్టింది నువ్వేనాయె. వారం వారం అచ్చి వంగి వంగి మొక్కితివి. మొన్న నువ్వు రాకపోతివి, తల్లి పస్తుంటదని మేమే పసుపు కుంకుమ వెట్టినం. గీ సారేమో రోగమంటుండు."

నేను వంగింది పేనుబంక కోసం. కానీ ఆ ఊళ్లో ఎర్రగుడ్డ కట్టిన చోట అమ్మవారు ఉన్నట్టే. వాళ్లు చల్లిన కుంకుమ మంచుకు తడిసి, ఎండకు ఆరి, ఆకుల మీద పొక్కుల్లా అంటుకుంది. పొడిగుడ్డతో తుడిస్తే అదీ తుప్పు పొడిలాగే అంటుతుంది.

నిజం తుప్పయితే తడిగుడ్డతో తుడిచినా ఆకు మీద మచ్చ పోదు. తెల్లగుడ్డ తడిపి శేషగిరిరావు గారికి ఇచ్చాను. ఆయనే తుడిచారు. కింద ఆకు పచ్చగా నిగనిగలాడింది. గుడ్డ నాకు తిరిగి ఇచ్చి, "తంతి వెళ్లిపోయిందే," అన్నారు. "లేదని రాస్తే ఉన్నది ఎటు పోయిందంటారు. కుంకుమ అని రాస్తే నన్నెటు పంపుతారో."

నిబంధనల్లో ఒక దారి ఉంది. గంధకం పొడి చల్లించి, జిల్లా అధికారి వచ్చి చూసినప్పుడు తెగులు కనబడకపోతే చేను ఉంచవచ్చు. అలా ఏ రోగమూ లేని పైరుకు మందు చల్లించాం. పసుప్పచ్చటి పొడి చేనంతా పరుచుకుంటుంటే ఆడవాళ్ల ముఖాలు విప్పారాయి. సర్కారే తల్లికి పసుపు పంపిందన్నారు. పసుపు పెట్టి కుంకుమ పెట్టకపోవడం అరిష్టం కనుక మర్నాడు పొద్దున్నే మళ్లీ కుంకుమ పెట్టారు. జిల్లా అధికారి వచ్చేది ఆ మధ్యాహ్నమే.

అక్కడ తల్లి లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నేనూ నమ్మిన దాన్నే. తల్లి చేను నడుమ ఉంటే కోతలప్పుడు కాళ్లు తగులుతాయి, గట్టు మీద రాయి దగ్గరికి తీసుకుపోదామన్నాను.

"మనమనుకుంటె అయితదా? తల్లినడగాలె," అంది గంగుబాయి. నడిమి మొక్క మీద బంతిపువ్వు పెట్టింది. అది రాలితే తల్లి ఒప్పుకున్నట్టు.

ఆకు కదలలేదు. అందరం మొక్క చుట్టూ కూర్చున్నాం. ఎండ ఎక్కుతోంది. శేషగిరిరావు గారు రోడ్డు వైపు ఒకసారి, పువ్వు వైపు ఒకసారి చూస్తున్నారు. నేను మనసులో స్వామిని తలచుకుంటున్నాను. శేషగిరిరావు గారికి గంధకం పడదు. ఉన్నట్టుండి గట్టిగా తుమ్మారు. పువ్వు రాలింది.

పక్కావిడ అడ్డం పడింది. "తుమ్మినంక కదుల్తరా? అపశకునం గాదూ."

గంగుబాయి రాలిన పువ్వును కళ్లకద్దుకుంది. "సారు తుమ్మింది గంధకానికి. పువ్వు రాలింది తల్లికి. లేవుండ్రి," అంది.

పేలికలు విప్పి గట్టు మీది రాయికి కట్టారు. తల్లి కూర్చున్న మొక్కలు గనుక బిందెలతో నీళ్లు పోసి కడిగారు. జిల్లా అధికారి వచ్చి, పొడి గుడ్డతో తుడిచి, గంధకం వల్ల తెగులు పూర్తిగా అదుపులోకి వచ్చిందని రాసి, శేషగిరిరావు గారిని మెచ్చుకున్నారు. ఆయన తల వంచుకుని వింటూ ఇంకోసారి తుమ్మారు. గంగుబాయి పంట విత్తనానికి పోయింది. తిండికి ఉంచుకున్న దాంట్లోంచి ఆమె నాకు పిండి పంపింది. మొదటి రొట్టె దేవుడి ముందు పెట్టి, ఆమె పేరు, శేషగిరిరావు గారి పేరు కూడా తలచుకున్నాను.

మరుసటి యాసంగికి ఎర్రగుడ్డ వద్దు, తెల్లది కట్టండని శేషగిరిరావు గారి నుంచి ఉత్తర్వు వచ్చింది. "పచ్చని చేన్ల తెల్లగుడ్డ గట్టి ఎవల పాణం తీస్తవు బాయీ?" అని గంగుబాయి గట్టు దగ్గరే ఆపేసింది. చివరికి గోనె పురికొస కట్టాం. దానికెవరూ మొక్కలేదు.

ఆ చేను నేర్పింది రెండు మాటల్లో చెప్పవచ్చు. ఆకును ముందు తడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే తెగులు పేరు రాయాలి. మనం మొక్కను చూస్తున్నంతసేపూ ఊరు మనల్ని చూస్తుంటుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఏ చేలో వంగినా, ఎందుకు వంగుతున్నానో ముందుగా పైకి చెప్పే వంగాను.